కాంగో తొలి సంకీర్ణ ప్రభుత్వం (1960): తనంతట తాను కూలిందా, కూల్చారా?

గోదావరి_పాఠకుడు | శనివారం, ఉదయం 8:10

అందరికీ నమస్కారం. ఆఫ్రికా దేశాల స్వాతంత్ర్య చరిత్ర చదువుతూ కాంగో దగ్గర ఆగిపోయాను. చాలా రోజులుగా మనసులో తిరుగుతున్న ప్రశ్న ఇది. ఇక్కడ చరిత్ర తెలిసినవాళ్లు ఉన్నారు కాబట్టి అడుగుతున్నాను.

1960 జూన్ 30న బెల్జియం పాలన ముగిసింది. పత్రీస్ లుముంబా ప్రధాని, జోసెఫ్ కాసావుబు అధ్యక్షుడు. సెప్టెంబర్ 5 రాత్రి కాసావుబు రేడియో కేంద్రానికి వెళ్లి ప్రధానిని బర్తరఫ్ చేస్తున్నట్టు ప్రకటించాడు. గంట తిరక్కుండానే లుముంబా అదే రేడియోలో మాట్లాడి, అధ్యక్షుణ్నే తొలగిస్తున్నానన్నాడు. సెప్టెంబర్ 14న సైన్యాధికారి మొబుటు ఇద్దరినీ పక్కన పెట్టాడు. స్వాతంత్ర్యం వచ్చిన రోజు నుంచి ఆ రేడియో ప్రకటన దాకా 67 రోజులు.

ఎక్కడ చదివినా ఒకే వివరణ కనిపిస్తోంది. పన్నెండు పార్టీలను కూడగట్టిన ప్రభుత్వం, తెగల వారీగా చీలిన దేశం, అనుభవం లేని నాయకులు. కూలక ఏమవుతుంది, అని. ఈ మాట నాకు మింగుడుపడటం లేదు. సంకీర్ణం కూలడమంటే భాగస్వాములు మద్దతు ఉపసంహరించుకోవాలి, సభలో ఓడిపోవాలి. లుముంబా ప్రభుత్వం సభలో ఒక్కసారైనా ఓడిందా? నాకు కనపడలేదు. మీకు కనపడితే చెప్పండి.

---

లెక్కల_మాస్టారు | శనివారం, ఉదయం 9:35

మంచి ప్రశ్న. ముందు అంకెలు చూద్దాం.

1960 మేలో జరిగిన ఎన్నికల్లో ప్రతినిధుల సభకు 137 స్థానాలు. లుముంబా పార్టీ ఎంఎన్‌సీకి (కాంగో జాతీయ ఉద్యమం) 33. చిన్నాచితకా మిత్రులను కలిపితే 41. ఆ తర్వాత వరుసగా పీఎన్‌పీకి 15, గిజెంగా నాయకత్వంలోని పీఎస్‌ఏకు 13, కాసావుబు పార్టీ అబాకోకు 12, తూర్పున కీవు ప్రాంతపు సెరెయాకు 10. ఎంఎన్‌సీ నుంచి విడిపోయిన కలోంజీ వర్గానికి 8, కటంగాలో చోంబే పార్టీ కొనకాట్‌కు 8. సాధారణ మెజారిటీ 69. అంటే అతి పెద్ద పార్టీ కూడా సగం దూరమే వచ్చింది.

ఇందులో ఒక విషయం ఎవరూ చెప్పరు. ఒకటి కంటే ఎక్కువ రాష్ట్రాల్లో చెప్పుకోదగ్గ బలం ఉన్న పార్టీలు రెండో మూడో. వాటిలో ఒకే దేశం, ఒకే కేంద్ర ప్రభుత్వం అని గట్టిగా నిలబడ్డది ఎంఎన్‌సీ. మిగతావి చాలావరకు ఒక్కో ప్రాంతానివి. కాబట్టి ఎవరు ప్రభుత్వం కట్టాలన్నా సంకీర్ణం తప్పదు, అందులో లుముంబా లేకుండా కుదరదు.

జూన్ 23న మొదలై 24 తెల్లవారేదాకా సాగిన సమావేశంలో విశ్వాస ఓటు జరిగింది. అనుకూలం 74, వ్యతిరేకం 1, తటస్థం 5, గైరుహాజరు 57. సెనేట్‌లో 60 అనుకూలం, 12 వ్యతిరేకం, 8 తటస్థం.

ఆ 57 గైరుహాజరును జాగ్రత్తగా చూడండి. వాళ్లలో మంత్రి పదవులు పుచ్చుకున్న పార్టీల సభ్యులూ ఉన్నారు. మంత్రివర్గంలో ఉన్న పార్టీలన్నీ తమ సభ్యులందరినీ తీసుకొచ్చి ఉంటే 74 కంటే చాలా ఎక్కువ రావాలి. ప్రమాణ స్వీకారం కాకముందే ఇంట్లో అలకలు మొదలయ్యాయి. కాబట్టి ఈ కట్టడం మొదటి నుంచీ పగుళ్లున్నదే.

---

అనిత_నిజామాబాద్ | శనివారం, ఉదయం 11:02

మాస్టారు గారి చివరి మాటతో ఏకీభవిస్తున్నాను. ఇంకా ముందుకు వెళ్లి చెప్పాలంటే, ఈ పగుళ్లలో కొన్ని లుముంబా చేతులారా పెట్టినవే.

మంత్రులు, సహాయ స్థాయి కార్యదర్శులు, శాఖ లేని మంత్రులు కలిపి 37 మందిని తీసుకున్నాడు. అందరికీ ఏదో ఒకటి ఇచ్చి సంతృప్తిపరచాలన్న లెక్క. కానీ ఎవరిని దూరం పెట్టాడో చూడండి. ఆల్బర్ట్ కలోంజీ ఒకప్పుడు తన పార్టీవాడే. దక్షిణ కసాయి లూబా ప్రజల్లో ఆయన మాటకు తిరుగులేదు. చివరికి మంత్రివర్గంలో లేడు. చోంబే పార్టీకి ఆర్థిక వ్యవహారాల శాఖ దక్కింది. వాళ్లు కోరుకున్నది రక్షణ, హోం వంటి బరువైన శాఖలు. ఈక్వేటర్ రాష్ట్రపు బొలికాంగో అధ్యక్ష పదవి ఆశించాడు; లుముంబా తన బలాన్ని కాసావుబు వైపు మళ్లించడంతో 159 ఓట్లకు 43తో ఓడిపోయాడు.

తర్వాత ఏం జరిగింది? జూలై 11న చోంబే కటంగాను విడదీశాడు. ఆగస్టులో కలోంజీ దక్షిణ కసాయిని విడదీశాడు. ఒకటి రాగి గనులు, ఇంకొకటి వజ్రాల గనులు. సంకీర్ణం కట్టేటప్పుడు ఎవరిని కలుపుకోవాలో తెలియకపోవడం చిన్న విషయం కాదు. అమరుడయ్యాడు కదా అని ఆయన రాజకీయాన్ని పరిశీలించకుండా వదిలేయలేం.

---

శేషగిరి_పాతపత్రికలు | శనివారం, మధ్యాహ్నం 2:20

అనితమ్మా, నువ్వు చెప్పిన పేర్లు సరైనవే. కానీ ఆ సంకీర్ణం ఏ పరిస్థితిలో కట్టాల్సి వచ్చిందో కూడా చెప్పాలి కదా.

1959 జనవరిలో లియోపోల్డ్‌విల్‌లో (ఇప్పటి కిన్షాసా) అల్లర్లు చెలరేగేదాకా బెల్జియం స్వాతంత్ర్యం మాటే ఎత్తలేదు. 1960 జనవరిలో బ్రస్సెల్స్‌లో రౌండ్ టేబుల్ సమావేశం పెట్టారు. అప్పటికి లుముంబా జైల్లో ఉన్నాడు. కాంగో ప్రతినిధులందరూ పట్టుబడితే విడిపించి విమానంలో తీసుకెళ్లారు. అక్కడ జూన్ 30 అని తేదీ ఖరారైంది. ఐదు నెలలు! ఆ ఐదు నెలల్లోనే రాజ్యాంగం, ఎన్నికలు, రాష్ట్ర ప్రభుత్వాలు, కేంద్ర ప్రభుత్వం అన్నీ జరిగిపోవాలి. దేశం మొత్తంలో విశ్వవిద్యాలయ పట్టా ఉన్న కాంగో పౌరులు ముప్పై మంది కూడా లేరు. అది వాళ్ల తప్పు కాదు. పై చదువుల దారి మూసి ఉంచిన పాలనది.

ఇక ప్రభుత్వం ఏర్పాటు సంగతి. దానికి బాధ్యుడిగా బెల్జియం పంపిన మంత్రి వాల్టర్ గాన్స్‌హోఫ్. జూన్ 13న లుముంబాను పిలిచి, ప్రభుత్వం కట్టే అవకాశాలను పరిశీలించమన్నాడు. కట్టమని కాదు, పరిశీలించమని మాత్రమే. నాలుగు రోజులకే ఆ బాధ్యత తీసేసి, జూన్ 17న కాసావుబును పిలిచి ప్రభుత్వం కట్టమన్నాడు. 12 స్థానాల పార్టీ నాయకుణ్ని! జూన్ 21న ప్రతినిధుల సభ స్పీకర్ ఎన్నికలో లుముంబా పక్షపు అభ్యర్థి జోసెఫ్ కసోంగో 74-58తో గెలిచాడు. అప్పుడు గాని లుముంబాను పిలవలేదు. స్వాతంత్ర్యానికి మిగిలింది తొమ్మిది రోజులు. ఆ తొమ్మిది రోజుల్లో ఎవరిని బుజ్జగించాలి, ఎవరిని వదులుకోవాలి?

కటంగాలో జరిగింది ఇంకా ఘోరం. రాష్ట్ర శాసనసభలో 60 స్థానాలు. చోంబే పక్షానికి 25. ప్రభుత్వం కట్టాలంటే మూడింట రెండు వంతుల సభ్యులు హాజరు కావాలని చట్టం. ప్రతిపక్షమైన బలుబకాట్ కూటమి సభను బహిష్కరించింది. దాంతో ఎవరినైనా కలుపుకోక తప్పని పరిస్థితి. అప్పుడు బెల్జియం పార్లమెంటు జూన్ 15న చట్టాన్నే మార్చి, సగం మంది వస్తే చాలంది. దాంతో చోంబే ఎవరినీ కలుపుకోకుండా ఏకపార్టీ ప్రభుత్వం కట్టేశాడు. దేశం మొత్తానికి సంకీర్ణం తప్పనిసరి, గనులున్న రాష్ట్రానికి మాత్రం మినహాయింపు. నెల తిరక్కుండానే ఆ ప్రభుత్వమే విడిపోతున్నానంది.

---

న్యాయవిద్యార్థిని | శనివారం, సాయంత్రం 5:48

శేషగిరి గారు చెప్పింది ఎలా కట్టారన్న సంగతి. ఎలా పడిందన్నది అర్థం కావాలంటే మౌలిక చట్టం చూడాలి. 1960 మే 19న బెల్జియం పార్లమెంటు ఆమోదించిన ఈ చట్టమే కాంగోకు తాత్కాలిక రాజ్యాంగం. బెల్జియం రాజ్యాంగాన్ని దాదాపు అలాగే దించారు. రాజు ఉన్న చోట అధ్యక్షుణ్ని పెట్టారు.

22వ అధికరణం చాలా చిన్నది: దేశాధినేత ప్రధానమంత్రిని నియమిస్తాడు, తొలగిస్తాడు. అంతే. బెల్జియంలో ఇదే వాక్యం కింద రాజు తన ఇష్టప్రకారం ప్రధానిని తీసేయడు. అది వందేళ్లకు పైబడిన ఆచారం. కాగితం మీది వాక్యం కాంగోకు వచ్చింది గాని, దాన్ని అదుపులో పెట్టే ఆచారం రాలేదు. అదే చట్టంలో మంత్రులు పార్లమెంటుకు బాధ్యులని, అవిశ్వాస తీర్మానానికి ఇంత మెజారిటీ కావాలని, వివరంగా వేరే అధికరణాలు ఉన్నాయి. ఈ రెండూ ఢీకొంటే ఏది పైది? చట్టం చెప్పదు. తీర్పు చెప్పాల్సిన రాజ్యాంగ న్యాయస్థానం ఇంకా ఏర్పడనే లేదు.

అధ్యక్షుడి ఉత్తర్వు చెల్లాలంటే బాధ్యత గల మంత్రి ఒకరు కూడా సంతకం చేయాలి. కాసావుబు ఉత్తర్వు మీద ఇద్దరు చేశారు: విదేశాంగ మంత్రి బొంబోకో, బెల్జియంలో కాంగో వ్యవహారాలు చూసే మంత్రి డెల్వో. ఇద్దరూ లుముంబా మంత్రివర్గ సభ్యులే. కాబట్టి గోదావరి పాఠకుడి గారి ప్రశ్నకు సగం జవాబు ఇక్కడుంది. సంకీర్ణంలో నుంచే ఇద్దరు సంతకాలు పెట్టారు. అది లోపలి చీలికే.

ఉత్తర్వులో తొలగించింది లుముంబా ఒక్కడినే కాదు. ఉప ప్రధాని గిజెంగా, హోం మంత్రి గ్బెన్యె, న్యాయ మంత్రి ముయాంబా, సమాచార మంత్రి కషమురా, ఇంకా కొందరు. మిగిలిన మంత్రులంతా అలాగే ఉండొచ్చు. కొత్త ప్రధానిగా ప్రకటించింది సెనేట్ అధ్యక్షుడు జోసెఫ్ ఇలేవోను. సంకీర్ణాన్ని రద్దు చేసినట్టు కాకుండా, అందులో ఒక పక్షాన్ని కోసి పారేసినట్టు ఉంటుంది ఆ జాబితా చదివితే.

---

తెనాలి_రవి | శనివారం, రాత్రి 8:15

ఇది చదువుతుంటే మన 1984 గుర్తుకు రావడం లేదా ఎవరికీ? ఆగస్టు 16న గవర్నర్ రాంలాల్ ఎన్టీ రామారావు ప్రభుత్వాన్ని బర్తరఫ్ చేసి, నాదెండ్ల భాస్కరరావు చేత ప్రమాణం చేయించాడు. సభలో బలం ఎవరిదో తేల్చమంటే వినలేదు. ఎమ్మెల్యేలను ఢిల్లీ తీసుకెళ్లి రాష్ట్రపతి ముందు నిలబెట్టాల్సి వచ్చింది. నెల రోజులకు, సెప్టెంబర్ 16న, రామారావు తిరిగి ముఖ్యమంత్రి అయ్యారు. లుముంబాకు ఆ నెల రోజులు ఎందుకు దక్కలేదు?

---

న్యాయవిద్యార్థిని | శనివారం, రాత్రి 9:05

రవి గారూ, పోలిక బాగుంది. మన రాజ్యాంగంలో కూడా మంత్రులు గవర్నర్ ఇష్టం ఉన్నంతవరకే కొనసాగుతారని 164వ అధికరణం అంటుంది. బలం సభలోనే తేలాలని సుప్రీంకోర్టు ఖరాఖండిగా చెప్పింది 1994లో, బొమ్మై కేసులో. అంటే మనకు కూడా ఆ సూత్రం గట్టిపడటానికి రాజ్యాంగం వచ్చాక నలభై నాలుగేళ్లు పట్టింది.

తేడా ఎక్కడంటే, 1984లో గవర్నర్‌ను మార్చగల కేంద్రం ఒకటి పైన ఉంది, ప్రజల ఆగ్రహం దాని మీద పనిచేసింది, సైన్యం బారకాసుల్లో ఉంది, పత్రికలు రాస్తున్నాయి. లియోపోల్డ్‌విల్‌లో వీటిలో ఏదీ లేదు.

---

మాజీ_జవాను | ఆదివారం, ఉదయం 6:30

సైన్యం గురించి నేను చెబుతాను. ఇది తెలియకుండా కాంగో సంకీర్ణం గురించి మాట్లాడటం అనవసరం.

వలస పాలకుల సైన్యం పేరు ఫోర్స్ పబ్లిక్. సుమారు 25,000 మంది సైనికులు, వెయ్యి మంది దాకా అధికారులు. ఆ అధికారుల్లో ఒక్క ఆఫ్రికన్ లేడు. సైనికుడిగా చేరిన నల్లజాతి మనిషి ఎంత పనిచేసినా హవల్దారు స్థాయి దాటలేడు. స్వాతంత్ర్యం వచ్చింది, మంత్రులు కార్లెక్కారు, గుమాస్తాలు అధికారులయ్యారు, సిపాయికి మాత్రం అదే తెల్ల అధికారి, అదే జీతం. జూలై 5న సైన్యాధిపతి జాన్సెన్స్ సిపాయిలను సమావేశపరచి నల్లబల్ల మీద రాశాడు: స్వాతంత్ర్యానికి ముందు = స్వాతంత్ర్యం తర్వాత. ఆ సాయంత్రానికే తిరుగుబాటు మొదలైంది. నేను పాతికేళ్లు యూనిఫారంలో ఉన్నవాణ్ని. ఒక సేనాధిపతి తన జవాన్ల ముందు అలా రాస్తాడా? జవాను అన్నం తక్కువైతే ఓర్చుకుంటాడు, అవమానాన్ని ఓర్చుకోడు.

లుముంబా జాన్సెన్స్‌ను తొలగించాడు, సైనికులందరికీ ఒక ర్యాంకు పెంచాడు, ఆఫ్రికన్ అధికారులను నియమించాడు. తన బంధువు, మాజీ హవల్దారు విక్టర్ లుండులాను సైన్యాధిపతిని చేశాడు. మొబుటును ఆయన కింద ముఖ్య అధికారిని చేశాడు. ఈ మొబుటు ఎవరు? ఫోర్స్ పబ్లిక్‌లో గుమాస్తాగా పనిచేసి, తర్వాత పాత్రికేయుడై, లుముంబా అనుచరుడిగా ప్రభుత్వంలో చేరినవాడు. జీతాలు పంచేది, దళాలను తిప్పేది ఆయన చేతిలోకి వెళ్లింది. పార్లమెంటులో ఎన్ని ఓట్లున్నా, జీతం పంచే చేతిని సైన్యం వింటుంది.

జూలై 10 నుంచి బెల్జియం సైన్యం తన పౌరుల రక్షణ పేరుతో మళ్లీ దిగింది. ప్రభుత్వం పుట్టి పది రోజులు. తన రాజధానిలో తన సైన్యం మీద, తన రేవుల మీద, తన విమానాశ్రయాల మీద అధికారం లేని ప్రభుత్వాన్ని ఏ సంకీర్ణ ధర్మం నిలబెడుతుంది?

మన దేశానికి కూడా అక్కడ సంబంధం ఉంది. 1961 మార్చి నుంచి మన 99వ పదాతి బ్రిగేడ్ ఐక్యరాజ్య సమితి తరఫున అక్కడ పనిచేసింది. ఆ డిసెంబర్ 5న ఎలిజబెత్‌విల్‌లో కెప్టెన్ గురుబచన్ సింగ్ సలారియా కటంగా సేనలతో పోరాడి ప్రాణాలిచ్చాడు. పరమవీర చక్ర వచ్చింది. ఆయన చనిపోయింది ఈ సంకీర్ణం పడిపోయి ఏడాది దాటాక, ఆ విడిపోయిన రాష్ట్రాన్ని తిరిగి కలిపే పనిలో.

---

అనిత_నిజామాబాద్ | ఆదివారం, ఉదయం 10:40

జవాను గారూ, మీ మాటలు మనసును తాకాయి. అయినా ఆగస్టు నెలను అందరూ దాటేస్తున్నారు.

జూలై చివర్లో లుముంబా దేశం విడిచి న్యూయార్క్, వాషింగ్టన్ వెళ్లాడు. తిరుగుదారిలో ఆఫ్రికా రాజధానులు చుట్టి ఆగస్టు 8న వచ్చాడు. దేశం తగలబడుతున్నప్పుడు ప్రధాని రెండు వారాలకు పైగా బయట ఉన్నాడు. వచ్చీరాగానే అత్యవసర పరిస్థితి ప్రకటించాడు. పత్రికల మీద ఆంక్షలు పెట్టాడు, ప్రత్యర్థుల అరెస్టులు జరిగాయి. సంకీర్ణంలోని అబాకో వంటి పార్టీలు బహిరంగంగా నిరసన తెలిపాయి.

అప్పుడు దక్షిణ కసాయి మీదికి సైన్యాన్ని పంపాడు. ఆగస్టు చివర్లో బక్వాంగాలో ఆ సైన్యం లూబా పౌరులను వందల సంఖ్యలో చంపింది. ఆడవాళ్లు, పిల్లలు, చర్చిలో తలదాచుకున్నవాళ్లు. లుముంబా దేశాన్ని అంతర్యుద్ధంలోకి నెడుతున్నాడని కాసావుబు రేడియో ప్రసంగంలో చేసిన ఆరోపణ గాలిలోంచి పుట్టలేదు. లుముంబా స్వయంగా చంపమనలేదని ఆయన పక్షంవారు అంటారు, కావచ్చు. పంపింది ఎవరు? ఆ చనిపోయినవాళ్ల వైపు నుంచి చూస్తే 'ప్రజాస్వామ్య ప్రభుత్వాన్ని కూల్చేశారు' అన్న కథ ఎలా వినిపిస్తుంది?

నేను కాసావుబును సమర్థించడం లేదు. ప్రధాని ఇలాంటి పని చేశాక భాగస్వామ్య పక్షాలు దూరం కావడం సహజమని మాత్రమే అంటున్నాను.

---

గోదావరి_పాఠకుడు | ఆదివారం, మధ్యాహ్నం 1:15

అనిత గారూ, బక్వాంగా గురించి మీరన్నది ఎవరూ కొట్టిపారేయలేరు. కానీ ఒక సంగతి మీ ముందు పెడతాను.

జూలై 12న కాసావుబు, లుముంబా ఇద్దరూ ఒకే విమానంలో కటంగా రాజధాని ఎలిజబెత్‌విల్‌కు వెళ్లారు. తమ దేశంలోని ఊరు, తమ విమానాశ్రయం. చోంబే హోం మంత్రి మునోంగో విమానం దిగడానికి అనుమతి ఇవ్వలేదు. విమానాశ్రయం బెల్జియం సైన్యం చేతిలో ఉంది. అధ్యక్షుడూ ప్రధానీ గాలిలోనే తిరిగి వెనక్కి వచ్చారు. అదే రోజు ఐక్యరాజ్య సమితికి వెళ్లిన తంతి మీద ఇద్దరి పేర్లూ ఉన్నాయి. రెండు రోజులకు బెల్జియంతో సంబంధాలు తెంచుకున్నదీ ఇద్దరూ కలిసే.

ఈ సంకీర్ణానికి నడుము వాళ్లిద్దరి పొత్తు. ఒకడు ఏక కేంద్రం కోరినవాడు, ఇంకొకడు కాంగో నది దిగువన తన బకోంగో ప్రజల ప్రాంతానికి విస్తృత అధికారాలు కోరినవాడు. అంత తేడా ఉన్నా జూలై మొత్తం ఆ పొత్తు నిలిచింది. అది పుట్టుకతోనే చచ్చిందైతే నిలిచేది కాదు. ఆ తర్వాత సెప్టెంబర్ 5 దాకా మధ్యలోకి ఎవరు వచ్చారు? లియోపోల్డ్‌విల్‌లో అమెరికా గూఢచారి విభాగం అధికారి లారీ డెవ్లిన్ ఏం చేశాడో, లుముంబాను చంపడానికి విషం ఎలా పంపారో 1975లో అమెరికా సెనేట్ విచారణ సంఘమే బయటపెట్టింది. కాసావుబు చుట్టూ బెల్జియం సలహాదారులు ఉన్నారు. రష్యా విమానాలు లుముంబాకు అందడం ఆగస్టు చివర్లో మొదలైంది, దాంతో వాషింగ్టన్ కంగారు రెట్టింపయింది.

---

శేషగిరి_పాతపత్రికలు | ఆదివారం, సాయంత్రం 4:05

దీనికి డబ్బు కూడా కలపాలి. కేంద్ర ఆదాయంలో పెద్ద వాటా కటంగా గనులదే. అక్కడి యూనియన్ మినియేర్ కంపెనీలో కాంగో రాజ్యానికి ఓటు హక్కు ఇచ్చే వాటాలు కటంగా ప్రత్యేక సంఘం అనే సంస్థ ద్వారా ఉండేవి. స్వాతంత్ర్యానికి మూడు రోజుల ముందు, జూన్ 27న, ఆ సంఘాన్ని రద్దు చేశారు. కొత్త ప్రభుత్వం గద్దెనెక్కేసరికి ఆ పట్టు జారిపోయింది. కటంగా విడిపోయాక కంపెనీ పన్నులు చోంబేకు కట్టింది. ఖజానా లేకుండా పన్నెండు పార్టీలను ఎవరు కలిపి ఉంచగలరు? సంకీర్ణంలో పంచుకోవడానికి పదవులే మిగిలాయి, పనులు చేయడానికి డబ్బు లేదు.

---

లెక్కల_మాస్టారు | ఆదివారం, రాత్రి 7:50

సెప్టెంబర్ ఓట్లు కూడా పెట్టేస్తాను, చర్చకు అవసరం.

సెప్టెంబర్ 7, ప్రతినిధుల సభ: అధ్యక్షుడు ప్రధానిని తొలగించడం, ప్రధాని అధ్యక్షుణ్ని తొలగించడం, రెండూ చెల్లవని తీర్మానం. 60-19తో నెగ్గింది.
సెప్టెంబర్ 8, సెనేట్: లుముంబా ప్రభుత్వానికి అనుకూలంగా 41, వ్యతిరేకంగా 2, తటస్థం 6.
సెప్టెంబర్ 13, ఉభయ సభల సంయుక్త సమావేశం: లుముంబాకు ప్రత్యేక అధికారాలు. 88-5. ఇక్కడ మాత్రం కోరం లేదని అభ్యంతరం ఉంది. 137కు 84 కలిపితే 221 మంది. వందకు కాస్త దిగువన ఓట్లు పడ్డాయి. ఆ అభ్యంతరంలో పస ఉంది.

మొదటి రెండింటిని గమనించండి. సభ లుముంబాను గుడ్డిగా సమర్థించలేదు. ఇద్దరి చర్యలనూ కొట్టేసింది, రాజీ కోసం సంఘం వేసింది. చాలా పాత ప్రజాస్వామ్యాల్లో కూడా ఇంత నిలకడ కనిపించదు. జూన్‌లో 74తో మొదలైన ప్రభుత్వం, సైన్యం తిరుగుబాటు, రెండు రాష్ట్రాల విభజన, విదేశీ సైన్యం, బక్వాంగా తర్వాత కూడా సభలో ఓడలేదు. పగుళ్లున్నా గోడ నిలబడే ఉంది. పగులు చూపించి, గోడ దానంతట అదే పడిందనడం కుదరదు.

---

తెనాలి_రవి | ఆదివారం, రాత్రి 8:30

మరి ఐక్యరాజ్య సమితి ఏం చేస్తోంది? సైన్యం అక్కడే ఉంది కదా.

---

మాజీ_జవాను | ఆదివారం, రాత్రి 9:10

రవీ, అదే బాధ. అప్పుడు కాంగోలో సమితి తరఫున తాత్కాలికంగా బాధ్యతలో ఉన్నది ఆండ్రూ కార్డియర్ అనే అమెరికన్. ప్రకటన వెలువడిన వెంటనే విమానాశ్రయాలు మూయించాడు, మర్నాడు రేడియో కేంద్రం మూయించాడు. శాంతి కోసమన్నారు. ఫలితం ఒకవైపే పడింది. లుముంబా బలం రేడియో, దూరాన స్టాన్లీవిల్‌లోని అనుచరులు. విమానం లేకపోతే వాళ్లు రాలేరు, రేడియో లేకపోతే ఆయన గొంతు వినపడదు. కాసావుబుకు మాత్రం నదికి అవతల బ్రజావిల్ రేడియో అందుబాటులో ఉంది. మన దౌత్యవేత్త రాజేశ్వర్ దయాళ్ సెప్టెంబర్ 8న ఆ బాధ్యతలు తీసుకున్నారు. ఆయన పార్లమెంటును తెరిపించి చట్టబద్ధంగా తేల్చాలని పట్టుబట్టినందుకు పాశ్చాత్య దేశాలకు కంటగింపయ్యారు, 1961లో ఆ పదవి వదలాల్సి వచ్చింది.

---

కిన్షాసా_ప్రవాసి | సోమవారం, తెల్లవారుజామున 1:25

ఈ చర్చ ఒక మిత్రుడు పంపితే చూశాను. ఉద్యోగరీత్యా కిన్షాసాలో ఉంటున్నాను. ఇక్కడ కొద్దిమంది తెలుగువాళ్లం ఉన్నాం.

విమానాశ్రయం నుంచి ఊళ్లోకి వచ్చే పెద్ద రోడ్డు పేరు లుముంబా బులెవార్డ్. దారిలో లిమెటె దగ్గర ఎత్తైన గోపురం, దాని ముందు చేయెత్తిన లుముంబా విగ్రహం. 1961 జనవరి 17న కటంగాలో ఆయనను, ఇద్దరు సహచరులు ఎంపోలో, ఒకితోలను కాల్చి చంపి, ఆనవాలు మిగలకుండా చేశారు. బెల్జియం పోలీసు అధికారి ఒకడు దాచుకున్న పన్ను ఒక్కటే మిగిలింది. 2022 జూన్‌లో బెల్జియం దాన్ని కుటుంబానికి అప్పగిస్తే, దేశమంతా తిప్పి ఈ గోపురం కిందే ఉంచారు.

నా సహోద్యోగుల్లో దిగువ కాంగో ప్రాంతం వారున్నారు, కసాయి వారున్నారు. దిగువ కాంగో వాళ్లకు కాసావుబు అంటే ఎంతో గౌరవం. నెమ్మదైనవాడు, డబ్బు తినలేదు అంటారు. కసాయి లూబా పెద్దాయన ఒకరు లుముంబా పేరెత్తితే బక్వాంగా అంటారు, తర్వాత చాలాసేపు మాట్లాడరు. అనిత గారు రాసింది ఆయనకు చదివి వినిపించాలనిపించింది. తూర్పు నుంచి వచ్చినవాళ్లకు మాత్రం లుముంబా దేవుడితో సమానం. కానీ ముగ్గురూ ఒక విషయంలో ఒకటే మాట అంటారు: ఆ పార్లమెంటును మూయకుండా ఉండాల్సింది అని.

---

అనిత_నిజామాబాద్ | సోమవారం, ఉదయం 7:55

ప్రవాసి గారూ, ధన్యవాదాలు. ఆ పెద్దాయనకు నా నమస్కారాలు చెప్పండి.

బక్వాంగా మీద నా అభిప్రాయం మారలేదు, మారదు. దానికి లెక్క చెప్పించాల్సింది పార్లమెంటు. సెప్టెంబర్ 7న సభ సమావేశమైనప్పుడు అడగగలిగేది, రాజీ సంఘం అడగగలిగేది. మొబుటు 14న తలుపులు మూశాక బక్వాంగా గురించి ఎవరినీ అడిగే చోటు లేకుండా పోయింది. లుముంబాను తప్పించాలని కోరుకున్నవాళ్లకు కూడా అది నష్టమే. మాస్టారు గారి అంకెలు చూశాక ఈ విషయం నాకు స్పష్టమైంది.

---

న్యాయవిద్యార్థిని | సోమవారం, ఉదయం 9:20

ఒక్క సంగతి చేర్చి నా వంతు ముగిస్తాను. ఆ పార్లమెంటుకు సంకీర్ణం కట్టడం రాదన్న మాటకు జవాబు 1961 ఆగస్టులో ఉంది. దాదాపు ఏడాది మూసి ఉంచిన అదే పార్లమెంటును ఐక్యరాజ్య సమితి రక్షణలో లొవానియం విశ్వవిద్యాలయంలో సమావేశపరిచారు. అవే పార్టీలు, అవే సభ్యులు. సిరిల్ అదూలా ప్రధానిగా జాతీయ ఐక్యతా ప్రభుత్వం కట్టారు. ఉప ప్రధాని ఎవరో తెలుసా? గిజెంగా, కాసావుబు బర్తరఫ్ చేసినవాడే. దాదాపు ఏకగ్రీవంగా ఆమోదం లభించింది. అందులో కూడా డబ్బు చేతులు మారిందన్న మాట ఉంది, నేను కాదనను.

కానీ తొలగింపు వాక్యం సమస్య తీరలేదు. 1964లో కొత్త రాజ్యాంగం వచ్చింది. 1965 అక్టోబర్‌లో కాసావుబు మరో ప్రధానిని బర్తరఫ్ చేశాడు. ఈసారి ఎవరిననుకున్నారు, కటంగా చోంబేనే. ఆయన స్థానంలో పెట్టిన ఎవరిస్ట్ కింబాకు పార్లమెంటు విశ్వాసం ఇవ్వలేదు. అధ్యక్షుడు మళ్లీ ఆయననే నియమించాడు. నవంబర్ 25 తెల్లవారేసరికి మొబుటు అధికారం చేజిక్కించుకున్నట్టు ప్రకటించాడు. ఈసారి 1997 దాకా దిగలేదు.

---

గోదావరి_పాఠకుడు | సోమవారం, ఉదయం 10:02

1965 సంగతి నేను ఇంకా చదవలేదు. మౌలిక చట్టం, 1964 రాజ్యాంగం రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడాలి. న్యాయవిద్యార్థిని గారూ, ప్రధాని తొలగింపు అధికరణాలను తెలుగులో ఇక్కడ పెట్టగలరా? లొవానియం సమావేశానికి వేరే చర్చ మొదలుపెడతాను. ప్రవాసి గారు, శేషగిరి గారు తప్పక రావాలి.